మీటరు ముల్లు చెప్పని దూరం

చలానా మా ఆయన ఫోన్‌కి వచ్చింది. బండి ఆయన పేరు మీద ఉంది కనుక ఏ మెసేజ్ అయినా ముందు అక్కడికే పోతుంది. ఆయన ఉండేది రాయలసీమలో, గాలిమరలు నిలబెట్టే సైటులో. దాన్ని నాకు పంపి, నేను తెరిచి చూసేలోపే ఫోన్ చేశాడు.

"అరవై ఆరు అంట. ఆ రోడ్డులో అరవై దాటకూడదు. పాపను వెనక కూర్చోబెట్టుకోని ఎందుకే అంత బిర్రున పోతాండావు?"

"లేదు బావా. ముల్లు అరవై దాటలేదు. నేను చూస్తానే ఉన్నా."

"మరి కెమెరా అబద్ధం చెప్తుందా?"

"నేను చెప్తానా?"

అటువైపు నుంచి గాలి హోరు మాత్రం వినబడింది. కాసేపటికి, "ఈసారి వచ్చినప్పుడు ఆ బండి అమ్మేస్తాలే. యాడికన్నా పోవాలంటే క్యాబ్ బుక్ చేసుకో," అని పెట్టేశాడు.

చలానాతో పాటు ఒక ఫోటో ఉంది. కోకాపేట టవర్ల మధ్య కొత్తగా వేసిన వెడల్పాటి రోడ్డు, దాని మీద మా బండి వెనక భాగం. వెనక అద్దంలో, తలుపుకు తగిలించిన స్టెపినీ చక్రం పక్క నుంచి, పాప సీటూ పసుపు టోపీ అంచూ కనబడుతున్నాయి. ముందు నా తల, సగం ఊడిన జడ. ఆ ఫోటోను చాలాసార్లు చూశాను. మొదట నా తప్పు చూసుకోవడానికి చూశాను. తర్వాత అందుకు కాదు. నా ఫోన్ నిండా పాప ఫోటోలే ఉంటాయి, అన్నీ నేను తీసినవే కాబట్టి వాటిలో ఎక్కడా నేను ఉండను. ఎన్నో నెలల్లో మేమిద్దరం కలిసి ఉన్న ఫోటో ఆ కెమెరా తీసిందొక్కటే.

ఆ బండి జీపు లాంటి పాత పెట్రోలు బండి. పెళ్ళికి ముందే ఆయన సెకండ్ హ్యాండులో కొన్నాడు. సైటుకు పోయే దారి నల్లరేగడి కావడంతో వాన పడితే చక్రాలు కూరుకుపోయేవట. అందుకని లావుపాటి, ఎత్తైన టైర్లు వేయించాడు. అవి వేయించిన కొన్నాళ్ళకే కంపెనీ వాళ్ళు సైటుకు వాళ్ళ బండి ఇచ్చారు. దాంతో ఇది హఫీజ్‌పేటలో మా అపార్ట్‌మెంటు సెల్లారుకు చేరింది. "నీకు పనికొస్తుందిలే" అన్నాడు. మా వాచ్‌మన్ దాన్ని ట్రాక్టరు అంటాడు. ముందు పాపను సీటులో బిగించి, తర్వాత నేను చున్నీ నడుముకు చుట్టుకుని ఎక్కాలి, అంత ఎత్తు.

నేను భయస్తురాలిని. గ్యాస్ కట్టేశానో లేదో అని లిఫ్టు దాకా వచ్చి వెనక్కి పోయే రకం. పాప నిద్రలో మరీ కదలకుండా ఉంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. అలాంటిదాన్ని ఆ బండి నడిపే ధైర్యం చేసింది పాప నిద్ర కోసమే. మధ్యాహ్నం పూట మా పాప కదిలే బండిలో తప్ప నిద్రపోదు. ఉయ్యాల, జోలపాట, భుజం, అన్నీ చూశాను. బండి మా వీధి మలుపు తిరిగిందంటే చాలు, కళ్ళు మూతలు పడతాయి.

అందుకే రోజూ భోజనం అయ్యాక బయలుదేరేదాన్ని. కొత్తగూడ మీదుగా గచ్చిబౌలి, అక్కణ్ణుంచి ఖాళీగా ఉండే కోకాపేట రోడ్లు. ఒక్కోసారి మాదాపూర్ వైపు తిప్పేదాన్ని. నేను ఉద్యోగం చేసిన ఆఫీసు అక్కడే. పాప పుట్టినప్పుడు పెట్టిన సెలవును పొడిగించి, మళ్ళీ పొడిగించి, చివరికి ఉద్యోగమే మానేశాను. మెళ్ళో కార్డులు వేసుకుని టీ బండి దగ్గర నిలబడ్డ గుంపుల్లో తెలిసిన ముఖం కోసం వెతికేదాన్ని. కనబడితే ఆగకుండా పోయేదాన్ని.

ఇంటికి వచ్చి గేటు బయట, గోడవారగా, గానుగ చెట్టు నీడలో బండి ఆపేదాన్ని. ఇంజిన్ మాత్రం ఆపేదాన్ని కాదు. ఆపితే ఆ నిశ్శబ్దానికే పాప లేస్తుంది. ఏసీ తిరుగుతుంటే, ఇంజిన్ కింద గురగురమంటుంటే, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఊరికే కూర్చునేదాన్ని. ఫోన్ కూడా చూసేదాన్ని కాదు. రోజంతటిలో నాది అని చెప్పుకోదగ్గ సమయం అదే. బండి అమ్మితే ఆయనకు ఒక పాత ఇనుము పోతుంది. నాకు పోయేది అది.

మర్నాడు మళ్ళీ ఫోన్ చేశాడు. రాత్రంతా దాని గురించే ఆలోచించినట్టున్నాడు.

"పెట్రోలు సంగతి కూడా చూడు. నా చేతిలో ఉన్నప్పుడు లీటరుకు పన్నెండు ఇచ్చేది. నువ్వు పంపిన లెక్క ప్రకారం ఇప్పుడు పది ఇస్తాంది. అంటే నువ్వు తొక్కుతాండావు. రెండూ ఒకటే చెప్తాండాయి."

ఆయన ఇంజనీరు. రెండు కొలతలు ఒకే మాట చెబితే ఇక మనిషి మాట వినక్కర్లేదనుకుంటాడు. నిజానికి ఆ రోజు నేనూ నన్ను పూర్తిగా నమ్మలేదు. ముల్లు చూస్తూనే ఉన్నానని ఆయనతో గట్టిగా అన్నాను గానీ, రాత్రుళ్ళు సరిగా నిద్రలేని మనిషి చూపును ఎంతవరకు నమ్మొచ్చు? ఎక్కడో ఒక రెప్పపాటు జారిపోయిందేమో. ఆ రెప్పపాటులో పాప నా వెనక సీటులో ఉంది. బండి ఉంటుందా పోతుందా అన్నదానికంటే ముందు నాకు తేలాల్సింది ఇదే. నా చేతుల్లో పాప భద్రమేనా కాదా?

బండి తీయడం మానేశాను. మధ్యాహ్నాలు ఏడుపుతో గడిచేవి, ఎక్కువగా పాప ఏడుపుతో. ఒక రోజు వేరే దారి లేక ఆమెను చంకనేసుకుని సెల్లారుకు దిగి, ఆగి ఉన్న బండి చుట్టూ తిప్పుతున్నాను. వెనక తలుపుకు తగిలించిన స్టెపినీని పాప రెండు చేతులతో తట్టింది. తర్వాత కిందికి వంగి నేల మీది చక్రాన్ని కూడా తడతానని గొడవ చేసింది. దింపాను. ఆమె పైకీ కిందికీ చూస్తుంటే నేనూ చూశాను. పైన ఉన్న చక్రం చిన్నది, కింద ఉన్నది పెద్దది. నాలుగు టైర్లు మార్పించిన మనిషి స్టెపినీని పాతదే ఉంచేశాడు.

పైకి వెళ్ళి కుట్టు డబ్బాలోంచి టేపు తెచ్చాను. పాప చేతులకు అంటిన మసి అప్పటికే నా కుర్తా నిండా అంటుకుంది. స్టెపినీ చుట్టూ టేపు తిప్పి, కింది టైరు చుట్టూ అందినంత వరకు తిప్పి, మిగిలింది అంచనా కట్టి చూశాను. కొత్త టైరు చుట్టుకొలత జానెడు ఎక్కువ.

జానెడే. కానీ చక్రం ఒక్కసారి తిరిగితే బండి దాని చుట్టుకొలత మేర ముందుకు పోతుంది. మీటరుకు తెలిసింది పాత చక్రం కొలతే. చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి, ఆ పాత కొలతతోనే ఇంత దూరం, ఇంత వేగం అని చెబుతుంది. కొత్త చక్రమేమో ప్రతి చుట్టుకూ ఇంకో జానెడు ముందుకు పోతోంది. ఆ జానెడు ఎవరి లెక్కలోనూ లేదు. అదే నిజమైతే, ముల్లు అరవై అన్నప్పుడు బండి అరవై దాటి పోతోంది. మీటరు పది కిలోమీటర్లు అన్నప్పుడు మేము పదికి పైనే తిరిగాం. అంటే బండి ఆయన అన్నంత పెట్రోలు తాగడం లేదు.

వెంటనే ఫోన్ చేయబోయి ఆగిపోయాను. బరువుకు టైరు అణుగుతుంది, గాలిని బట్టి కొలత మారుతుంది, కంపెనీ వాళ్ళు ముల్లును మొదట్లోనే కాస్త ఎక్కువ చూపేలా పెడతారు, ఇవన్నీ అంటాడు. అవి నిజమే కూడా. టేపుతో కుదరదు, రోడ్డు మీద కొలిచి చూపించాలి. అందుకని మళ్ళీ బండి తీశాను.

ఫోన్‌లో స్పీడు చూసుకోవచ్చు కదా అనిపించవచ్చు. చూశాను. అద్దాల భవనాల మధ్య ఆ అంకె ఒక చోట నిలవలేదు. నిలిచినప్పుడేమో నేను ఫోన్ చూడాలి, ముల్లు చూడాలి, రోడ్డు చూడాలి. రోడ్డు మీంచి చూపు తీసిన ప్రతిసారీ వెనక సీటు గుర్తొచ్చి వెంటనే చూపు మళ్ళీ రోడ్డు మీదికి తెచ్చుకునేదాన్ని. ఈ లెక్కకు ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు బండి నడపాలి, ఒకరు చూసి చెప్పాలి. ఫోటోకు కావలసినట్టే.

రెండో మనిషి అక్కర్లేని పద్ధతి ఒకటి ఉందనుకున్నాను. ఈ ఊళ్ళో అడ్రసు చెప్పమంటే మెట్రో పిల్లరు నంబరు చెబుతాం. బిర్యానీ తెచ్చే అబ్బాయికైనా, చుట్టాలకైనా ఫలానా పిల్లరు దగ్గర అంటే చాలు. పిల్లర్లన్నీ సమాన దూరంలో ఉంటాయన్న విషయంలో నాకు అనుమానమే రాలేదు. పాపను గుండెకు కట్టుకుని మాదాపూర్‌లో రెండు పిల్లర్ల మధ్య దూరం అడుగులతో కొలిచి, ఎన్ని పిల్లర్లు దాటానో చూసి గుణించి, మీటరుతో పోల్చాను. ఒక రోజు మీటరు తక్కువ చూపిస్తోందని తేలింది. ఇంకో రోజు ఇంకో వైపు పోతే ఎక్కువ చూపిస్తోందని తేలింది. నా లెక్కే తప్పేమోనని మళ్ళీ మళ్ళీ చేశాను. చివరికి ఒక చౌరస్తాలో సిగ్నల్ దగ్గర ఆగి, ఊరికే తల పైకెత్తినప్పుడు కనబడింది. కింద రోడ్లు కలిసే చోట పైన పిల్లర్లు ఎడంగా ఉన్నాయి. స్టేషన్ దగ్గర పడేకొద్దీ దగ్గరగా వచ్చాయి. ఎన్నో ఏళ్ళు వాటి కిందే ఆఫీసుకు వెళ్ళాను, నంబరు తప్ప ఎప్పుడూ ఏమీ చూడలేదు.

పెట్రోలు బంకులో ఇంకో కథ. ట్యాంకు నింపించి, తిరిగి, మళ్ళీ నింపిస్తే ఎంత తాగిందో తెలుస్తుంది. అయితే రెండుసార్లూ ఒకే మట్టానికి నింపాలి. పైపు దానంతట అది టక్కున ఆగిన చోట ఆపేయమంటే బంకు అతను వినడు.

"రౌండ్ ఫిగర్ చేస్త మేడమ్."

"వద్దన్నా, ఒక్క చుక్క కూడా వద్దు."

"అందరు ఇంకొంచెం కొట్టమంటరు. మీరేంది మేడమ్, వద్దంటున్నరు? చిల్లర లేదు మరి."

"స్కాన్ చేస్తా. చిల్లరతో పనిలేదు."

పైపు తీస్తూ అతను పక్కవాడితో అన్నది వినబడింది. "ట్రాక్టరు మేడమ్‌కు డౌట్లు ఎక్కువ."

ఆ రోజుల్లోనే, ఒక మధ్యాహ్నం గానుగ చెట్టు కింద కూర్చుని ఉండగా ఎవరో కిటికీ అద్దం మీద గోటితో కొట్టారు. మా ఎదురు ఫ్లాటు పెద్దావిడ. కొడుకూ కోడలూ పొద్దున్నే ఆఫీసులకు పోతారు, ఆవిడ ఒక్కతే ఉంటుంది. అప్పటిదాకా మా పరిచయం లిఫ్టులో తల ఊపడం వరకే. అద్దం దింపాను.

"ఏం బిడ్డా, రోజు జూస్తున్న. బండి బంద్ చెయ్యవు, దిగవు. ఇంట్ల ఏమన్న పరేషానా?"

"పాప లేస్తుంది ఆంటీ."

"ఆంటీ గీంటీ ఏంది, పెద్దమ్మ అను. జర తలుపు తియ్యి, నేను గూడ కూసుంట. ఏసీ చల్లగున్నది."

కాలు పైకెత్తి, తలుపు పట్టుకుని, ఊపిరి బిగబట్టి ఎక్కింది. ఎక్కాక కిందికి చూసి, "గిది బండా, మంచెనా? కూసుంటె పిట్టలు కొట్టొచ్చు," అంది.

నవ్వాను. ఆ నవ్వు చప్పుడు నాకే కొత్తగా వినబడింది. తర్వాత ఎలా మొదలైందో తెలియదు, అంతా చెప్పేశాను. చలానా, టైర్లు, జానెడు, పిల్లర్లు, అమ్మేస్తానన్న మాట. గొంతు తగ్గించి చెప్పాల్సి వచ్చింది, పాప లేవకుండా. ఒక మనిషి పక్కన అంతసేపు కూర్చుని మాట్లాడి ఎన్నాళ్ళయిందో. మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోతూ వచ్చాయి. ఆవిడకు ఎంత అర్థమైందో గానీ, చివరికి తనకు కావాల్సింది తీసుకుంది.

"అంటే ఏంది, నీ మొగడు నమ్మలే. నువ్వు రుజువు చూపెట్టాలె. గంతేనా?"

"అంతే పెద్దమ్మా."

"నాకేం పనున్నది? వంటయినంక ఖాళీనే. పోదం పా. రింగు రోడ్డు మా ఊరి మీదికెల్లే పోయింది, నాకు తెల్వనిదా?"

అవుటర్ రింగు రోడ్డు మీద ప్రతి కిలోమీటరుకూ బోర్డు ఉంటుంది. రోడ్డు వేసినవాళ్ళు కొలిచి పాతినవి, పిల్లర్ల లాంటివి కావు. మర్నాడు పొద్దున ఆవిడ కోడలు వెళ్ళిపోయాక బయలుదేరాం. ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఎక్కడ నొక్కాలో చూపించాను. ముల్లును అరవై మీద నిలిపితే కిలోమీటరుకు సరిగ్గా ఒక నిమిషం పట్టాలి. అంతకంటే ముందే బోర్డు వస్తే ముల్లు తక్కువ చూపిస్తున్నట్టు. ఆవిడ పని బోర్డు రాగానే నొక్కడం, అరవడం.

గచ్చిబౌలి దగ్గర ఎక్కి ఎడమ వరసలో పట్టుకున్నాను. లారీలు కూడా మమ్మల్ని దాటి పోతున్నాయి. ముల్లు అరవై మీద, నా చూపు రోడ్డు మీద.

"వచ్చె!" అంది పెద్దమ్మ, నొక్కింది.

టవర్లు ఒకటొకటిగా వెనక్కి పోతున్నాయి. పాప నిద్రపోలేదు, కొత్త మనిషి ముందు సీటులో ఉందని ఆవిడ జుట్టు ముడి వైపు చెయ్యి చాపుతోంది.

"అగో, గా రెండు బిల్డింగుల నడుమ జూడు! గాడనే మా సీతాఫలం చెట్లుండె. ఏం కాయలు బిడ్డా, ఒక్కొక్కటి గింత..."

"పెద్దమ్మా, బోర్డు?"

"ఏం బోర్డు?"

"దాటిపోయింది."

"అయ్యో! నా నోరు పడిపోను. నువ్వన్న జూడద్దా?"

"నేను రోడ్డు చూడాలి కదా!"

"గదీ నిజమే."

మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది, తన మీద తనకే నమ్మకం లేక. బోర్డు రాగానే కొంగు తీసి "వచ్చె!" అనడం, మళ్ళీ కొంగు పెట్టుకోవడం. వెనక నుంచి పాప కూడా "అచ్చె!" అనడం మొదలుపెట్టింది, బోర్డు ఉన్నా లేకున్నా. ఇద్దరిలో ఎవరి మాట పట్టుకోవాలో తెలియక నాకు నవ్వొచ్చి, ముల్లు కాస్త కదిలింది, మళ్ళీ సర్దుకున్నాను.

కిలోమీటరుకు యాభై అయిదు సెకన్లు, కాస్త అటూ ఇటూ. ఎన్నిసార్లు నొక్కినా అంతే. పది బోర్డులు దాటేసరికి మీటరులో తొమ్మిది కిలోమీటర్లు దాటి, ఇంకో అంకె కదిలింది, అంతే.

అరవై అన్న ముల్లు వెనక, అరవై అయిదు, అరవై ఆరు. చలానాలో ఉన్నదే.

వెనక్కి తిరిగి వచ్చి నార్సింగి దగ్గర దిగి, సర్వీసు రోడ్డులో ఒక బజ్జీల బండి పక్కన ఆపాను. ఆపాక చున్నీతో కళ్ళు తుడుచుకున్నాను. పెద్దమ్మ నా ముఖంలోకి చూసింది.

"ఏడుస్తున్నవా? మరి గెలిస్తివి గద!"

గెలిచాను. నేను అబద్ధం చెప్పలేదు, రెప్పపాటు ఎక్కడా జారిపోలేదు. అయితే కెమెరా కూడా అబద్ధం చెప్పలేదు. ఇన్ని నెలలూ పాపను వెనక పెట్టుకుని, చాలా జాగ్రత్తగా, నేను అనుకున్నదానికంటే వేగంగా పోతూనే ఉన్నాను. జాగ్రత్తగా ఉన్నానన్న సంతోషమే తప్పు కొలత మీద నిలబడింది. ఆ రెండూ ఒకేసారి వచ్చి మీద పడ్డాయి. ఆవిడకు ఎలా చెప్పాలో తెలియక, "ఇన్ని రోజులూ పాపను ఇంత స్పీడులో తిప్పాను పెద్దమ్మా," అన్నాను.

"ఇగ తెల్సె గద. రేపటికెల్లి తగ్గియ్యి. ఆకలైతుంది నాకు, మిర్చీ చెప్పు."

ఆవిడ మిర్చీలు తెప్పించుకునేలోపు నేను నుదుటి మీది స్టిక్కరు బొట్టు తీసి మీటరు అద్దం మీద అంటించాను, యాభై అయిదుకు కొంచెం ఇవతల. ముల్లు అక్కడికి వస్తే నిజంగా అరవై. ఇంకెప్పుడూ తలలో లెక్క వేసుకోనక్కర్లేదు, ముల్లు బొట్టును దాటకుండా చూసుకుంటే చాలు.

పెద్దమ్మ బజ్జీ నములుతూ చూసింది. "బండికి బొట్టు పెట్టి నీ నొసలు బోడిగ చేస్కుంటివి. నీ మొగడు జూస్తె ఏమంటడు?"

"ఆయన చూడడులే పెద్దమ్మా."

సైటులో సిగ్నల్ సరిగా ఉండదు, వీడియో కాల్ రాదు, అందుకే అలా అన్నాను. కానీ నోట్లోంచి బయటికి వచ్చాక అది వేరేగా వినబడింది. ఆవిడ బజ్జీ ముక్కను ఊది, కారం లేని చోటు చూసి, పాప నోట్లో పెట్టింది.

ఆ సాయంత్రం ఆయనకు అంతా చెప్పాను. స్టెపినీ నుంచి మొదలుపెట్టి బోర్డుల దాకా, వరసగా. ఎక్కడా ఆపకుండా విన్నాడు. చివర ఒక్కటే అడిగాడు.

"స్టాప్‌వాచ్ ఎవరు చూసినారు?"

"ఎదురు ఫ్లాటు పెద్దమ్మ."

"ఓ. అయితే సరే."

అంతే. ఇన్నాళ్ళు ఎదురుచూసిన మాట వచ్చింది. వచ్చాక, నేను ఎదురుచూసింది అది కాదని తెలిసింది. నేను చూస్తానే ఉన్నానని మొదటి రోజు చెప్పిన మాటకు రావాల్సిన 'సరే' ఇప్పుడు పది బోర్డులకూ ఎదురింటి ఆవిడకూ వచ్చింది. కోపం కూడా రాలేదు. ఖాళీగా అనిపించింది.

"టైర్లు వేసినోడు చెప్పినాడబ్బా," అన్నాడు, కాస్త ఆగి. "మీటరు తేడా చూపిస్తాది సార్, చూసుకోండి అని. నీకు చెప్పాలనుకోని మర్చిపోయినా."

నేను పాప పసుపు టోపీ తీసి మడత పెట్టాను.

"మైలేజీ ఎంత తేలింది మరి?"

"పదకొండు. పది కాదు."

"మిగిలిన ఒకటి టైర్ల బరువుకు పోతాదిలే. లావు టైర్లు అంతే."

అక్కడ ఊరుకుని ఉంటే సరిపోయేది. ఆయనే నా తరఫున కారణం చెప్పాడు. కానీ అన్నీ కొలిచి నిజం తేల్చి, చివర ఒక్కటి దాచడం బాగనిపించలేదు.

"అంతా టైర్లకు పోలేదు బావా. కొంత నేనే తగలేశా. రోజూ బండి ఆపి, ఇంజిన్ ఆన్‌లో పెట్టుకుని కూర్చుంటా."

"ఎందుకు?"

చలానా వచ్చిన దగ్గర్నుంచి ఎంత స్పీడు, ఎంత మైలేజీ అని ఎన్నిసార్లు అడిగాడో. అసలు మధ్యాహ్నం పూట ఆ రోడ్డులో ఏం చేస్తున్నావని నెమ్మదిగా ఒక్కసారి అడగలేదు. ఇప్పుడు అడిగాడు. అడిగాడు కాబట్టి చెప్పాను. పాప నిద్ర సంగతి చెప్పాను. ఇంజిన్ ఆపితే లేస్తుందని చెప్పాను. లేవకపోయినా నాకు దిగబుద్ధి కాదని, పైకి వెళ్తే మళ్ళీ ఆ గదులే అని, అక్కడ కూర్చుంటే కనీసం ఎక్కడి నుంచో వచ్చినట్టు, ఎక్కడికో పోబోతున్నట్టు ఉంటుందని చెప్పాను. ఆయన వైపు గాలి హోరు తప్ప ఏమీ లేదు. లైను తెగిందేమోనని చూసుకున్నాను. తెగలేదు.

"సరేలే. పడుకో," అన్నాడు. బండి అమ్మే మాట ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

రెండు మూడు రోజులు మామూలుగానే గడిచాయి. బొట్టు ఉన్న చోటే ఉంది, ముల్లు దాన్ని దాటలేదు. వెనక నుంచి హారన్లు కొట్టేవాళ్ళు కొట్టారు. పెద్దమ్మ ఒకరోజు వచ్చి కూర్చుంది, ఒకరోజు మోకాళ్ళ నొప్పులని రాలేదు. ఆవిడ లేని రోజు గానుగ చెట్టు కింద బండి ఆపి, ఎప్పటిలాగే చేతులు స్టీరింగు మీద పెట్టుకుని కూర్చున్నాను. గానుగ పూలు రాలి బానెట్ మీద పడుతున్నాయి. అప్పుడు ఫోన్ మోగింది. ఆ సమయంలో ఆయన ఎప్పుడూ చేయడు. మధ్యాహ్నం గాలిమర మీద పని ఉంటుంది.

"పడుకుందా?" అన్నాడు, తనే ఎవరినో లేపుతానేమో అన్నంత చిన్న గొంతుతో.

"ఇప్పుడే."

"కింద కూర్చున్నావా?"

"ఊఁ."

అటువైపు గాలి, ఇటువైపు ఇంజిన్. ఆయనకూ ఇంజిన్ చప్పుడు వినబడినట్టుంది.

"అది ఆపు, పెట్రో..." అని మొదలుపెట్టాడు. మధ్యలో ఆగాడు.

నా చేయి అప్పటికే తాళం దగ్గరికి పోయింది, ఆయన మాట వినే అలవాటు కొద్దీ.

"వద్దులే," అన్నాడు. "ఉండనీ. లేస్తుంది."